పదిహేడో నంబరు ముద్ర

మార్చి 3, సోమవారం

ఈ డైరీ మేం వాల్వులు చేసిచ్చే రాకెట్ కంపెనీ వాళ్లు కొత్త సంవత్సరానికి పంపింది. మా వర్క్‌షాపుకి నాలుగొచ్చాయి. ఓనరు ఒకటి, ఆయన భార్య ఒకటి, టీ ఇచ్చే ఆవిడ ఒకటి, నేనొకటి తీసుకున్నాం. ప్రతి పేజీ కింద "ఆకాశం ఆరంభం మాత్రమే" అని అచ్చు వేశారు. పోయినేడాది డైరీకి కుట్టు బైండింగు. ఈసారి జిగురు. పేజీలు అప్పుడే ఊడి వస్తున్నాయి. పొదుపు తెలిసిన కంపెనీ.

రెండు నెలలు ఖాళీగా ఉంచి ఇప్పుడు మొదలుపెట్టడానికి కారణం అక్క. అన్నం దగ్గర ఇంకోసారి షేర్ల మాటెత్తితే కంచం ముందు నుంచి లేచిపోతానంది. కాబట్టి ఇక్కడ చెప్పుకుంటాను. ఇవాళ ఆ కంపెనీ షేరు పెరిగింది.

మార్చి 4, మంగళవారం

పెరిగింది.

లేత్ మిషను నడిపే టర్నరు నలభై వాల్వులు తెచ్చి నా ట్రేలో గుమ్మరించి, ఎప్పటిలాగే వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. "పదిహేడు చూస్తుందిలే" అనడం ఆయన అలవాటు. ఇరవై ఏళ్లుగా అదే మాట. పదిహేడు నా ముద్ర నంబరు. బాగుందనుకున్న ముక్క మీద ఆ ముద్ర పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేస్తాను. నా అసలు పేరు జీతం కాగితానికి తప్ప ఎవరికీ అక్కర్లేదు.

నాది బ్రహ్మవిద్యేం కాదు. గేజికి రెండు తలలుంటాయి. మొదటి తల వాల్వు రంధ్రంలో దూరాలి, రెండో తల దూరకూడదు. రెండోది దూరిందంటే రంధ్రం పెద్దదైపోయినట్టు, ముక్క చెత్తబుట్టలోకి. బొటనవేలంత వాల్వు, రాకెట్లో ఇంధనం పోయే దారిలో ఉంటుందట. నలభైలో ముప్పై ఎనిమిదికి ముద్ర పడింది.

మార్చి 9, ఆదివారం

అక్క డబ్బు ఈ షేర్లలో ఎందుకు పెట్టించానో ఒకసారి రాసుకుంటే మంచిది. టీవీలో చెప్పారని మాత్రం కాదు. టీవీలో రోజూ చెబుతూనే ఉంటారు, ప్రపంచం పాడైపోతోంది కాబట్టి రక్షణ కంపెనీలు, అంతరిక్ష కంపెనీలు బాగుపడతాయని. మా సరుకు కొనే కంపెనీ రాకెట్లతో పాటు డ్రోన్లను పసిగట్టే రాడార్లూ, సరిహద్దుల్లో పెట్టే కెమెరాలూ చేస్తుంది. అవీ నేను చూడలేదు. నేను చూసింది చీటీలు.

ఎనిమిదేళ్లపాటు మేం పంపిన ప్రతి పెట్టెలోంచీ రెండో మూడో వాల్వులు తిరిగొచ్చేవి. ఒక్కోదానికీ ఒక చీటీ, చీటీ మీద ఎర్ర సిరా. మొట్టమొదటిది ఇప్పటికీ నా డ్రాయరులో ఉంది. "మళ్లీ చూడండి. మీరు చూడలేదు." అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ చూశాను. నిజంగానే నేను చూడలేదు, లోపల వెంట్రుకంత గీత ఉంది. ఆ చీటీలాయన ముక్కూ మొహం నాకు తెలియదు. ఇలాంటి మనిషిని గుమ్మంలో కూర్చోబెట్టుకున్న కంపెనీ మునగదని మాత్రం తెలుసు. కంపెనీ షేర్లు అమ్మకానికి వచ్చిన రోజున నావి రెండు వందలు కొన్నాను. అక్క చేత, టైలరింగ్ షాపు అమ్మిన డబ్బంతా పెట్టించి ఎనిమిది వందలు కొనిపించాను. ఆవిడకున్నది ఆ డబ్బొక్కటే. మిషను తొక్కడానికి ఇక మోకాళ్లు ఒప్పుకోవు.

బాగా ఆలోచించే చేశాను.

మార్చి 14, శుక్రవారం

తగ్గింది. ఎక్కడో రెండు దేశాలవాళ్లు శాంతి చర్చలకి కూర్చున్నారట. టీవీలో కరచాలనం చూపిస్తుంటే నేను నిట్టూర్చాను. అక్క అది విని, షేర్ల మాటెత్తొద్దన్న తన ఒట్టు తనే తీసి గట్టు మీద పెట్టింది.

"శాంతి వస్తే మనకి నష్టమా?"

కొంచెం, అన్నాను.

"మరి నేను దేవుణ్ణి ఏమని కోరుకోవాలి?"

ఆలోచించి చెబుతానన్నాను. అయితే ఈ పూటకి మోకాళ్ల సంగతే అడుగుతానంది.

మార్చి 17, సోమవారం

చర్చలు విఫలమయ్యాయి. పెరిగింది. అక్కకి చెప్పలేదు.

మార్చి 21, శుక్రవారం

ఈ వారం కూడా ఒక్క ముక్కా తిరిగి రాలేదు. డిసెంబరు నుంచీ ఇదే వరస. ఓనరు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఆ కుర్చీలో నేను చివరిసారి కూర్చున్నది చేరిన రోజున. మీ కన్ను బాగా కుదిరిందమ్మా అన్నాడు. అవును, ఎనిమిదేళ్లు చీవాట్లు తింటే ఎవరి కన్నయినా కుదురుతుంది. చీటీలాయనకి ఇక నాకు రాయడానికేమీ లేకుండా పోయిందంటే అది నా గొప్పే.

అయినా ఒక్క చీటీ వచ్చి ఉంటే బాగుండేది. పలకరింపుగా.

మార్చి 29, శనివారం

పని తక్కువగా ఉంటే రిజిస్టరు తిరగేశాను. జనవరి, ఫిబ్రవరి, మార్చిలో నేను చెత్తబుట్టలో వేసిన ముక్కలెన్నో చూశాను. పోయినేడాది ఇవే నెలల్లో ఎన్నో చూశాను. దాదాపు ఒకటే. అంటే టర్నరు మెరుగుపడలేదు. నేనూ మెరుగుపడలేదు.

షేరు పెరిగింది.

ఏప్రిల్ 2, బుధవారం

ఇవాళ ఒక పని చేశాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

చెత్తబుట్టలోంచి ఒక వాల్వు తీశాను. రెండో తల అందులో జారినట్టు దూరిపోతోంది, నూనె రాసుకున్న వేలికి ఉంగరం దూరినట్టు. దాని మీద పదిహేడు కొట్టాను. సుత్తి రెండుసార్లు జారింది, మూడోసారి పడింది. 214వ పెట్టెలో అన్నిటికంటే పైన, కంటికి కనిపించేలా పెట్టి సీలు వేశాను.

ఇది మోసం కాదు, పరీక్ష. ఒకరకంగా ఉత్తరం. ఆయన పెట్టె తెరుస్తాడు, గేజి పెడతాడు, "మీకు కళ్లు పోయాయా" అని రాస్తాడు. వారంలో వచ్చేస్తుంది. వచ్చాక నాలుగు రోజులు సిగ్గుపడి ఊరుకుంటాను.

ఏప్రిల్ 9, బుధవారం

రాలేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

టీవీలో చెప్పారు. మే 3న మా కంపెనీ రాకెట్ పైకి వెళ్తుంది, సరిహద్దుల్ని చూసే ఉపగ్రహాన్ని తీసుకుని. షేరు ఒక్కరోజులో ఎన్నడూ లేనంత పెరిగింది. అక్క తనంతట తానే, మోకాలి ఆపరేషను రెండు కాళ్లకీ ఒకేసారి చేయించుకోవచ్చేమో అంది.

రాకెట్లో మనుషులెవరూ కూర్చోరు. ఈ మాట నాకు నేను మూడుసార్లు చెప్పుకున్నాను. కానీ అది పైన ఎక్కడో పేలితే కింద ఎక్కడో పడాలి కదా.

ఏప్రిల్ 16, బుధవారం

తిరిగొచ్చింది. వాల్వు కాదు, షీల్డు.

కంపెనీ నుంచి పెద్ద అట్టపెట్టె వస్తే పరుగున వెళ్లాను. విప్పితే గాజు పలక. "ఉత్తమ సరఫరాదారు. ఈ మూడు నెలల్లో లోపాలు: సున్నా." సున్నాని బంగారు రంగులో చెక్కించారు. ఓనరు దాన్ని మంచినీళ్ల ఫిల్టరు పైన మేకు కొట్టి తగిలించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కొట్టకపోతే బాగుండదని. టర్నరు అందరికంటే గట్టిగా కొట్టి, "ఇందులో సగం నాది, సగం పదిహేడమ్మది" అన్నాడు.

లోపాలు సున్నా అంటే వాళ్లు చూడలేదు.

ఏప్రిల్ 19, శనివారం

ఎవరైనా సెలవులో ఉండి ఉంటారు.

ఏప్రిల్ 22, మంగళవారం

ఐదు నెలల సెలవు ఎవరూ ఇవ్వరు.

ఏప్రిల్ 24, గురువారం

కడుపునొప్పి అని చెప్పి సెలవు పెట్టాను. చెప్పాక నిజంగానే వచ్చింది. రెండు బస్సులు మారి కంపెనీకి వెళ్లాను.

గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. ఎవరు కావాలన్నాడు. సరుకు తీసుకునే సెక్షన్లో ఎర్ర సిరాతో చీటీలు రాసే ఆయన కావాలన్నాను. మీరెవరన్నాడు. ఏం చెప్పాలో తోచక, వాల్వుల మీద పదిహేడు నంబరు నాదన్నాను. అతను నన్ను కింద నుంచి పైకి చూశాడు.

"మీరేనా పదిహేడు? ఆవిడ రోజూ అన్నం తింటూ మిమ్మల్ని తిట్టుకునేది."

ఆవిడ. ఎనిమిదేళ్లు నేనొక మీసాల మనిషిని ఊహించుకుని పోట్లాడాను. ఆ మెట్టు మీద కూర్చుని తినేదట, సన్నగా, కళ్లజోడు తాడు మెడలో వేసుకుని. ఎప్పుడు తిట్టినా చివర "అయినా చూస్తుంది, చెబితే వింటుంది" అనేదట. డిసెంబరులో ఆ సెక్షన్ మొత్తాన్ని తీసేశారు. వెళ్తూ వెళ్తూ ఎర్ర రీఫిల్స్ డబ్బా వాచ్‌మన్‌కి ఇచ్చిపోయింది. అతను వాటితో బళ్ల రిజిస్టరు రాస్తున్నాడు.

మరి సరుకు ఎవరు తీసుకుంటున్నారన్నాను. నేనే అన్నాడు. సంతకం పెట్టి షెడ్డులో పెడతాను, లోపల్నించి ఎవరూ అడగరు. షెడ్డు తలుపు తీసి చూపించాడు. మా పెట్టెలు నేల నుంచి కప్పు దాకా ఉన్నాయి. అన్నిటి మీదా సీలు అలాగే ఉంది. ఇంకా ఎవరెవరివో పెట్టెలు కూడా.

రాకెట్ ఎక్కడ చేస్తున్నారని అడిగాను. పెద్ద హాల్లో ఒకటుంది కానీ అది రేకుది, రంగు వేసింది అన్నాడు. శుక్రవారాలు సూట్లవాళ్లు వచ్చి దాని పక్కన ఫొటోలు దిగుతారట. గురువారాలు దాన్ని తుడవడం అతని డ్యూటీ. ఇవాళ తుడవాలి అన్నాడు.

అసలుది ఇంకెక్కడైనా తయారవుతోందేమో అన్నాను. అతను షెడ్డులోని మా పెట్టెల వైపు చెయ్యి చూపించాడు.

"ఈ వాల్వులు మీరు కాక ఇంకెవరన్నా చేస్తారా?"

"లేదు. మేమే."

"మరి?" అన్నాడు.

214వ పెట్టె వెతికి దించుకున్నాను. నా సీలు నేనే తెంపాను. నా చెడ్డ ముక్క పైనే ఉంది, పెట్టినచోటే. అది ఎవరికీ ఏ హానీ చెయ్యలేదు. దాని కింద ఉన్న మంచి ముక్కలూ ఎవరికీ ఏ మేలూ చెయ్యలేదు. ఊరికే తీసుకెళ్లకూడదని వాచ్‌మన్ రిజిస్టరు ముందుకి తోశాడు. వస్తువు: వాల్వు ఒకటి. కారణం అన్నచోట "చెడ్డది" అని ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టాను. ఈ ఏడాది ఆ కంపెనీ నుంచి తిరిగొచ్చిన మొదటి ముక్క ఇదే. అతను నాకో రీఫిల్ కూడా ఇచ్చాడు.

అదే రోజు, సాయంత్రం

అక్కకి అంతా చెప్పాను. టీవీ కట్టేసి విన్నది.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"నాకూ, వాచ్‌మన్‌కీ. ఇప్పుడు నీకు."

"అయితే రేపు పొద్దున్నే అమ్మెయ్యి."

"కొనేవాడికి తెలియదు కదక్కా."

"నేను కొన్నప్పుడు నాకేం తెలుసే? నీ మాట తెలుసు."

 ఆవిడ మోకాళ్లు పట్టుకుని లేచి, గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లింది. భయమేసింది నాకు. అక్క భయపడుతోందని తెలిసి ఇంకా భయమేసింది.

ఏప్రిల్ 25, శుక్రవారం

పదీ ఇరవైకి అక్క షేర్లు అమ్మేశాను. నిమిషం పట్టలేదు. ఎవరు కొన్నారో ఫోను చెప్పదు. నావి అమ్మలేదు. అది న్యాయంగా ఉంటుందనిపించింది. పోతే నావి పోతాయి, అక్కవి మిగులుతాయి. ఎవరి తప్పుకి వాళ్లే.

టీ వేళ టర్నరు పక్కన కూర్చుని, కంపెనీ షేర్లు మీవి ఉంచారా, అమ్మేశారా అని అడిగాడు. ఊరికే అడిగాడు.

"నావి ఉన్నాయి" అన్నాను.

అబద్ధం కాదు. ఏ గేజి పెట్టి చూసినా సరిపోతుంది.

ఏప్రిల్ 27, ఆదివారం

అక్క ఆపరేషను గురించి అడగడానికి వెళ్దామంది. వెళ్లాం. డాక్టరు మంచివాడు. ఒక కాలు ముందు, రెండోది తర్వాత అన్నాడు. అక్క నవ్వింది. నేను చేసింది తప్పు కాదు.

ఏప్రిల్ 28, సోమవారం

టర్నరు అందరికీ బిస్కెట్లు పంచాడు. సెకండ్‌హ్యాండ్ లేత్ కొనుక్కుని సొంతంగా పని పెట్టుకోవాలని ఆరేళ్లుగా దాస్తున్న డబ్బుతో మూడు వందల షేర్లు కొన్నాడట. మే 3న రాకెట్ ఎగరగానే అమ్మేసి, సెకండ్‌హ్యాండ్ కాదు, కొత్తదే కొంటాడట.

ఎప్పుడు కొన్నారన్నాను.

శుక్రవారం, టీ తాగి వెళ్లగానే అన్నాడు. "పదిహేడు చూసింది కదా, ఇంక నేను చూసేదేముంది?"

బిస్కెట్టు జేబులో ఉంది. తినలేదు.

ఏప్రిల్ 29, మంగళవారం

చెడ్డ వాల్వునీ, గేజినీ తీసుకెళ్లి టర్నరు లేత్ మీద పెట్టాను. ఆయన మొదటి తల పెట్టాడు, దూరింది. రెండో తల పెట్టాడు, అదీ దూరింది. వాల్వు తిప్పి ముద్ర చూశాడు.

"ఇది మీదే."

"నాదే" అని, పరీక్ష, షీల్డు, షెడ్డు, రేకు రాకెట్, అన్నీ చెప్పాను. మిషను చప్పుడుకి మాటలు వినబడక రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అప్పుడాయన మిషను ఆపాడు.

"శుక్రవారం అడిగితే నావి ఉన్నాయన్నారు."

"ఉన్నాయి."

"అక్కగారివి?"

రెండో తల అంటే అదే.

"లేవు" అన్నాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. గుడ్డతో గేజి శుభ్రంగా తుడిచి నా చేతికిచ్చాడు. ఇంకా సమయముంది, రేపు పొద్దున్నే అమ్మెయ్యండి, ధర ఇంకా ఎక్కువే ఉంది అన్నాను. నాకే సిగ్గేసింది.

"ఎవరికి అమ్మను? స్టోర్స్ ఆయన కూడా కొంటానంటున్నాడు, ఆయనకి అమ్మనా?" అని మళ్లీ మిషను వేశాడు.

మధ్యాహ్నం ఓనరు గదికి వెళ్లి, నేనొక చెడ్డ ముక్క కావాలని పంపానని చెప్పి, నా ముద్ర బల్ల మీద పెట్టాను. ఆయన కంగారుగా, వాళ్లు తిప్పి పంపారా అన్నాడు. లేదన్నాను. "మరింకేం, బాగున్నట్టే కదమ్మా" అని ముద్ర నావైపు తోసేశాడు. షెడ్డు సంగతి కూడా చెప్పాను. పోయిన నెల దాకా మన బిల్లుల డబ్బు వచ్చింది కదా అన్నాడు. అని, షీల్డు వైపు చాలాసేపు చూశాడు.

స్టోర్స్ ఆయనకి మాత్రం నేనే వెళ్లి చెప్పాను. ఆయన కొనలేదు.

ఏప్రిల్ 30, బుధవారం

అక్కకి చెప్పక తప్పలేదు. కొన్నవాళ్లలో టర్నరు ఉన్నాడంటే మొదట నమ్మలేదు. ఆయన యూనిఫాం ప్యాంట్లన్నీ అక్కే కుట్టింది. ఎడమ కాలు కొంచెం పొట్టి అని గుర్తుపెట్టుకుని కుట్టేది. 

"ముక్కూ మొహం తెలియనివాడు కొంటాడనుకున్నాను" అంది.

"నేనూ అంతే."

"తెలియనివాడైతే?" అని నన్నే అడిగింది.   లేచి బీరువా తెరిచి బ్యాంకు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "ఆయన ఎంతకి కొన్నాడో అంతకి ఇచ్చేసి, ఆ మూడు వందలూ నీ పేరు మీదికి తెచ్చుకో. నా కాలు ఒక్కటే చేయించుకుంటాను, డాక్టరు కూడా ఒక్కటే ముందన్నాడు" అంది.

నేను ఏడ్చాను. ఏడుపు చాలు, ఉదయాన్నే బ్యాంకుకి వెళ్లాలి అంది.

మే 2, శుక్రవారం

టర్నరు షేర్లు నా పేరుకి మార్చుకోవడానికి బ్రోకరు ఆఫీసులో రెండు గంటలు కూర్చున్నాం. టర్నరు ఒక కుర్చీలో, నేనొక కుర్చీలో, మధ్యలో ఖాళీ కుర్చీ. ఫారంలో "బదిలీకి కారణం" అని ఒక గడి ఉంది. క్లర్కు చదివి వినిపించింది: బహుమతి, బంధుత్వం, వారసత్వం, ఏదో ఒకటి చెప్పండి. ఏదీ కాదన్నాను. అయితే మీరే రాయండి అంది. సంచిలో ఎర్ర రీఫిల్ పెన్నే ఉంది. "తనిఖీదారు చూసీ చెప్పలేదు" అని రాశాను.

క్లర్కు అది రెండుసార్లు చదివి, ఇలాంటి కారణం లిస్టులో లేదండీ అని, దాని మీద తెల్ల సిరా పూసి "ఇతరములు" అని రాసుకుంది. డబ్బు అందినట్టు టర్నరు సంతకం పెట్టాడు. పెట్టేముందు అంకెలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదువుకున్నాడు.

మే 3, శనివారం

రాకెట్ వెళ్లలేదు. వాతావరణం బాగాలేదన్నారు. కిటికీలోంచి చూశాను. ఆకాశం కడిగిన కంచంలా ఉంది.

మే 5, సోమవారం

షేరు సగానికి సగం పడింది. ఇప్పుడు నావి ఐదు వందలు.

ఏప్రిల్ 25న అక్కవి ఎనిమిది వందలు అమ్మాను. మూడు వందలు తిరిగొచ్చాయి. మిగిలిన ఐదు వందలు ఎవరి దగ్గరున్నాయో తెలియదు.

మే 8, గురువారం

ఇంకా పడింది. టీవీలో ఇప్పుడు వేరే కంపెనీ పేరు చెబుతున్నారు. అక్క ఛానెల్ మార్చేసింది.

మే 13, మంగళవారం

ఆర్డర్లు ఆగాయి. రాకెట్ వాల్వుల బదులు నీళ్ల మోటార్లకి బుష్‌లు, అంటే ఇరుసు తిరిగే చిన్న గొట్టాలు, చేస్తున్నాం. రంధ్రం రంధ్రమే. షీల్డు ఇంకా ఫిల్టరు పైనే ఉంది, మేకు పీకితే గోడ పెళ్లలు రాలతాయని ఓనరు ఊరుకున్నాడు.

డైరీలో మార్చి నెలంతా జిగురు వదిలేసి విడిగా వచ్చేసింది. అక్క సూదీ దారం తెచ్చి కుట్టింది.

మే 14, బుధవారం

టర్నరు ఇవాళ నాతో మాట్లాడాడు. నీళ్ల మోటారు వాళ్లు తొందరపెడుతున్నారని, అంతే. మర్యాదగానే మాట్లాడాడు. తర్వాత ఇరవై బుష్‌లు తెచ్చి నా ట్రేలో పెట్టాడు. గుమ్మరించలేదు, ఒక్కొక్కటీ పెట్టాడు. వెళ్లిపోతాడని నేను తల ఎత్తలేదు. వెళ్లలేదు. మొదటిది తీసి గేజి పెట్టాను. మొదటి తల దూరింది, రెండో తల దూరలేదు. ముద్ర వేశాను. ఆయన ఆ ముక్క తీసుకుని, తన జేబులోంచి గేజి తీసి, మళ్లీ పెట్టి చూసుకున్నాడు.